ముడి విప్పకముందు

దీపం ముట్టించి, కొంగుతో చేతులు తుడుచుకుని, హనుమమ్మ పేలిక ముడి విప్పింది. లోపల పచ్చ గాజుముక్క. దీపపు వెలుగు అందులోంచి దూరి ఆమె అరచేతి మీద లేత ఆకులా పడింది.

"అయితే చిన్నమ్మకు ఎర్రదొచ్చింది" అంది ఎనిమిదేళ్ల మనోరమ.

"ఆఁ."

"నువ్వు ఇక్కడ విప్పంగనే అక్కడ ఎర్రగైందా? లేకుంటే ముందటి నుంచే ఎర్రగున్నదా?"

"గాజుకు రంగు మారుతదా పిచ్చిదానా? ముందటి నుంచే ఎర్రది. అన్నం తిను."

మనోరమ అన్నం తింది. ప్రశ్న మాత్రం మింగుడుపడలేదు. పెద్దదై, జహీరాబాద్ ఆడపిల్లల బడిలో సైన్సు టీచరై, ముప్పై దాటాక కూడా అది గొంతులో అట్లాగే ఉంది.

గాజుముక్కల ఆనవాయితీ ఆమె తాత గుండయ్య పెట్టింది. మొగుడంపల్లి దగ్గర ఆయనకు నాలుగెకరాల మెట్ట చెలక ఉండేది. కొడుకుల్లేరు. బిడ్డలు ఇద్దరు, హనుమమ్మ, బస్వమ్మ. చెలకలో తూర్పు సగం ఒర్రె అనే చిన్న వాగు పక్కన ఉంటుంది. వాన వెలిసి వారమైనా అక్కడి మట్టి పిడికిట్లో ముద్దవుతుంది. పడమటి సగం నిండా రాళ్లు. నాగలి దిగితే కింద ఎవరో పళ్లు కొరుకుతున్నట్టు చప్పుడు. పొలం పంచితే ఒక బిడ్డకు రాళ్లే మిగులుతాయని గుండయ్య పంచకుండానే పోయాడు. పోతూ ఒక కట్టుబాటు చెప్పాడు.

ఏటా విత్తులు పడే మిరుగం కార్తెకు ముందు అక్కాచెల్లెళ్లు చెలకలో కలవాలి. అక్క ఒక పచ్చ గాజుముక్కను, ఒక ఎర్ర గాజుముక్కను ఒకే చీర పేలికల్లో వేరువేరుగా ముడివేసి విత్తనాల గంపలో కలపాలి. చెల్లెలు ముందు తీయాలి. మిగిలింది అక్కది. పచ్చ వచ్చినవాళ్లకు ఆ ఏడు ఒర్రె పక్క, ఎర్ర వచ్చినవాళ్లకు రాళ్ల పక్క. ముడి మాత్రం చెలకలో విప్పకూడదు. ఎవరి ఇంటికి వాళ్లు పోయి, దీపం పెట్టే వేళకు విప్పుకోవాలి.

"ఒకరి ముఖం వాడిపోతుంటే ఇంకొకరు చూడొద్దు" అన్నాడట గుండయ్య.

బస్వమ్మను న్యాల్‌కల్ దాటాక, మైసూరు రాష్ట్రపు పొలిమేరలో ఒక పల్లెకు ఇచ్చారు. భర్త శంకరప్ప సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేవాడు. హనుమమ్మ భర్త తొందరగానే పోయాడు. ఆమె కూతుర్ని పాదిరిగారి హాస్టల్లో వేసి, కూలికి పోయి, చెలక చేసి చదివించింది. మనోరమ హైదరాబాద్‌లో బీయెస్సీ చదివి, కొత్తగా ఆంధ్రప్రదేశ్ వచ్చిన ఏడే జహీరాబాద్‌లో ఉద్యోగంలో చేరింది. తల్లిని తన దగ్గరికే తెచ్చుకుంది. పెళ్లి మాట ఎత్తిన వాళ్లకు టీ ఇచ్చి పంపేది.

ఏటా వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దడానికి హైదరాబాద్ పోయేది. పొద్దున పేపర్లు, మధ్యాహ్నం యూనివర్సిటీ గ్రంథాలయం. యాభై తొమ్మిది వేసవిలో అక్కడ రెండేళ్లనాటి విదేశీ పత్రిక ఒకటి చేతికొచ్చింది. అందులో ఒక అమెరికా కుర్రవాడి వ్యాసం ఉంది. కిటికీ బయట ఎండ తెల్లటి సున్నంలా కురుస్తున్న ఆ వారమంతా ఆమె ఆ వ్యాసం ముందే కూర్చుంది. సగం లెక్కలు అందలేదు. అందని చోట పెన్సిల్ పెట్టి మళ్లీ మొదటికి వచ్చేది.

అణువుకన్నా చిన్న కణం, కొలిచేదాకా రెండు స్థితుల్లోనూ కలిసి ఉంటుందని అప్పటికే పుస్తకాలు చెప్పేవి. కొలవగానే ఒకటి నిలిచి రెండోది మాయమవుతుందనీ చెప్పేవి. ఎందుకు మాయమవుతుందో ఎవరూ చెప్పేవారు కాదు. ఈ కుర్రవాడు ఏదీ మాయం కాదన్నాడు. కొలిచిన మనిషి కూడా ఆ లెక్కలో భాగమే. పైకి తిరుగుతున్న కణాన్ని చూసిన మనిషి ఒక పాయలో ఉంటాడు. కిందికి తిరుగుతున్న కణాన్ని చూసిన అదే మనిషి ఇంకో పాయలో ఉంటాడు. రెండు పాయలూ నిజమే. ఒకదాని చప్పుడు ఇంకొకదానికి వినపడదు.

తన చిన్ననాటి ప్రశ్నకు జవాబు మనోరమకు అక్కడే దొరికింది. ఎప్పుడూ ఒకదానికొకటి ఎదురుగా తిరిగే రెండు కణాల జతను విడదీసి, ఒకటి ఇక్కడ, ఒకటి దూరాన కొలిచారనుకుందాం. ఇక్కడ కొలవగానే అక్కడిది ఆ క్షణంలోనే మారిపోతుందని పాత లెక్క. కొత్త లెక్కలో అక్కడ ఏదీ మారదు. ఇక్కడి మనిషి ఇక్కడే రెండు పాయలవుతాడు, అక్కడి మనిషి అక్కడే. కబురు పట్టుకుని ఇద్దరూ ఎదురుపడినప్పుడు, 'పైకి' చూసినవాడికి 'కిందికి' చూసినవాడే ఎదురవుతాడు. నడుమ ఏదీ ఎగిరి పోలేదు. కబురు ఎంత దూరం నడిచిందో, చీలిక కూడా అంతే దూరం నడిచింది.

న్యాల్‌కల్ బస్సంత నెమ్మదిగా, అనుకుని ఆమె గ్రంథాలయంలోనే నవ్వుకుంది.

గాజుముక్క కణం కాదని ఆమెకు తెలుసు. గాజు రంగు పేలికలో ముందే ఉంటుంది, తెలియనిది మనకే. కణానికి ముందే రంగు లేదు. అయినా ముడి విప్పబోయే అమ్మ ముఖం గుర్తొచ్చినప్పుడల్లా ఆమెకు ఒకే దీపం ముందు ఇద్దరు హనుమమ్మలు కూర్చున్నట్టుండేది.

దీన్ని ఎవరితోనైనా మాట్లాడాలి. మాట్లాడటానికి ఒక్క మదన్‌మోహనే ఉన్నాడు. మగపిల్లల హైస్కూల్లో లెక్కల మాస్టరు, పక్క వీధి. సాయంత్రం అరుగు మీద కూర్చుని హనుమమ్మ వేయించిన శనగలు తింటూ ఆమె చెప్పిందంతా విని, చివరికి ఒకే చోట పొడిచేవాడు.

"టీచరమ్మా, రెండూ జరుగుతయంటవు. మరి ఒకటి నూటికి తొంభై, ఇంకొకటి నూటికి పది అని కొలిచి చెప్తరు గద మీ సైన్సోళ్లు. రెండు పాయలే అయితే చెరిసగం కావాలె. అన్నీ జరిగినప్పుడు నూటికి ఇంత అనే మాటకు అర్థమేంది?"

"పాయకు బరువుంటది సార్. లావు పాయ, సన్న పాయ."

"సన్న పాయలున్నోడికి తను సన్నగున్నట్టు తెలుస్తదా?"

"తెలువది."

"మరి ఆ బరువు ఎవలి నెత్తి మీద ఉన్నట్టు?"

మదన్‌మోహన్ శనగల పొట్టు ఊదుకుని లేచిపోయేవాడు. ఆ రాత్రికి ఆమెకు నిద్ర ఉండేది కాదు.

ఒక వేసవి చివర హనుమమ్మ చేటలో విత్తనాలు కలుపుతోంది. ఆ చెలకల్లో ఒకే పంట వేయరు. కంది, జొన్న, కొర్ర, పెసర, అనుము, పుంటికూర, నువ్వు అన్నీ ఒకే చాళ్లలో పడతాయి. వాన ఏ తీరుగా కురిసినా దానికి సరిపోయిన పంట ఒకటి నిలబడుతుంది. జొన్నలు నాలుగు పిడికిళ్లు, కందులు రెండు, నువ్వులు చిటికెడు.

"అన్నీ మొలుస్తయి గదమ్మా. మరి కొలత ఎందుకు?" అంది మనోరమ.

"నువ్వులెక్కువేస్తే గానుగోడు సంబురపడ్తడు, మనం పస్తులుంటం. పోయి నీళ్లు తే" అంది హనుమమ్మ విసుగ్గా.

నీళ్లు తెస్తూ మనోరమ ఆలోచించింది. అన్నీ జరుగుతాయన్నవాడికి కూడా, జరగబోయే వాటిలో దేని మీద ఎంత శ్రద్ధ పెట్టాలో తేల్చుకోక తప్పదు. ముడి విప్పకముందు నేను ఒక్కదాన్నే. విప్పాక నాలోంచి వచ్చేవాళ్లు ఇద్దరు. ఇద్దరికోసం ఇప్పుడే, ఇక్కడే ఏర్పాటు చేయాల్సింది నేను. ఎవరికి ఎన్ని పిడికిళ్లు అన్నదే సంభావ్యత కావచ్చు. అయితే చేటలో కొలత అమ్మ నిర్ణయించింది. పాయల బరువు ఎవరూ నిర్ణయించలేదు, ప్రకృతిలోనే ఉంది. పోలిక అక్కడ తెగిపోయింది. తెగిన చోటును ఆమె దాచుకోలేదు. ఆ సాయంత్రమే మదన్‌మోహన్‌కు చూపించింది.

"సగం జవాబు దొరికింది" అన్నాడాయన.

"మిగతా సగం ఈ జన్మల దొరకకున్నా ఎతుకుత సార్."

"ఎతుకు. శనగలు నావి."

అరవై ఒకటి నుంచి వరసగా నాలుగేళ్లూ పచ్చ గాజు హనుమమ్మకే వచ్చింది. మొదటి ఏడు బస్వమ్మ నవ్వింది. రెండో ఏడు ఊరుకుంది. మూడో ఏడు శంకరప్ప నోరు తెరిచాడు. ముడి వేసేది వదినె, పేలికకు గుర్తు పెట్టుకుంటుంది, పైగా ఇంట్లో చదువుకున్న బిడ్డ ఉంది, అన్నాడు. చెల్లెలే ముందు తీస్తుంది కదా అంటే, 'తీసేది ఈమె, తీయించేది ఆమె' అన్నాడు. నాలుగో ఏడు రాళ్ల పక్క జొన్న మోకాలెత్తు కూడా లేవలేదు.

అరవై ఐదు మిరుగానికి ముందటి ఆదివారం పొద్దున, ఎప్పటిలాగే అక్కాచెల్లెళ్లు చెలకలో కలిశారు. హనుమమ్మ ముడులు తెచ్చి గంపలో వేసి కలిపింది. బస్వమ్మ గంపలో చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. చేపను పట్టేదానిలా వేళ్లు విత్తనాల్లో కదిలాయి. ఒక ముడి తీసి రవికెలో దోపుకుంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

మనోరమ చిన్నమ్మను బస్సెక్కించడానికి జహీరాబాద్ అడ్డా దాకా వచ్చింది. కిటికీ పక్కన కూర్చున్నాక బస్వమ్మ మెల్లగా అంది.

"బిడ్డా, ఇదే ఆఖరు. ఈసారి గూడ ఎర్రదే వస్తే తాలూక కచేరీకి పోయి చెలక పంచిపిస్తడంట మీ చిన్నాయన. మా సగం మహాదేవప్పకు అమ్ముతడంట. బయానా పైసలకు మాట గూడ అయ్యింది."

మహాదేవప్ప అంటే ఆ పక్క భూములన్నీ ఒక్కొక్కటిగా కొంటున్న ఆసామి. ఆయన కంచె వేస్తే ఇక చెలక లేదు.

"పచ్చదొస్తే?"

"పచ్చదొస్తే ఈ ఏడు గడుస్తది." బస్వమ్మ రవికెలోని ముడి మీద చెయ్యి పెట్టుకుంది. "అక్క దొంగ కాదని నేను ఆయనతోని కొట్లాడుతనే ఉన్న. ఇగ నా నోట్ల మాట అయిపోయింది."

బస్సు కదిలింది. దుమ్ము లేచి, నెమ్మదిగా మళ్లీ రోడ్డు మీదే పడుకుంది.

ఇల్లు చేరేసరికి హనుమమ్మ కందులు చెరుగుతోంది. మనోరమ విన్నది చెప్పింది. తల్లి చేట ఆపలేదు.

"ఫికర్ చెయ్యకు. ఈసారి దానికి పచ్చదే వస్తది."

"నాలుగుసార్లు వచ్చింది గాబట్టి ఐదోసారి రాదని లేదమ్మా. ఈసారి గూడ చెరిసగమే. గాజుకు నిరుడు యాదికుంటదా?"

"గాజుకు లేకుంటే నాకుంటది" అంది హనుమమ్మ.

మనోరమ ఆ మాటను పట్టించుకోలేదు. గడప మీద కూర్చుని ఆలోచనలో పడింది. ముడి విప్పాక ఏం చెప్పినా పనికిరాదు. ఎర్రది చూసిన మనిషి పంట చెరిసగం చేసుకుందామంటుంది, పచ్చది చూసిన మనిషి ఎందుకంటుంది. విప్పకముందు మాత్రం చిన్నమ్మ ఆ ఇద్దరు బస్వమ్మలకూ పెద్దదిక్కు. ఇద్దరికీ సరిపోయే మాట ఆమె ఇప్పుడే ఇవ్వగలదు. దీపం పెట్టేదాకే సమయం. ఇక్కడ ముడి విప్పినా, విప్పకపోయినా, ఇక్కడి నుంచి ఒక మనిషి పోయి చెప్పేదాకా అక్కడ ఏమీ మారదు. ఆ పోయే మనిషి కబురు కన్నా ముందు పోవాలి.

ఆమె లేచింది.

"అమ్మా, నేను న్యాల్‌కల్ దిక్కు పోతున్న. నీ ముడి విప్పితే విప్పుకో, నాకు మాత్రం చెప్పకు. తెలిస్తే నా ముఖమే చెప్పేస్తది."

"బస్సు రేపటిదాంక లేదు గదనే."

"మదన్‌మోహన్ సార్ సైకిల్ ఉన్నది."

మదన్‌మోహన్ సైకిల్‌కు గాలి కొడుతూ ఆమెను ఎగాదిగా చూశాడు. ఎప్పుడూ కుచ్చిళ్లు చెదరని టీచరమ్మ ఇవాళ పొలం పోయే ఆడవాళ్లలా గోచిపోసి కట్టింది.

"నడుమ కడ్డీ ఉన్న సైకిల్ టీచరమ్మా. బజారంత చూస్తది."

"చూడనియ్యున్రి సార్. ఒక్క పాయలనన్న చూడనోళ్లు ఉంటరు."

ఆయన నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి, "మబ్బు పట్టింది, జర పైలం" అన్నాడు.

సైకిల్ తొక్కడం హాస్టల్ వెనక మైదానంలో నేర్చుకుంది. పదేళ్లుగా ఎక్కలేదు. ఊరు దాటేదాకా పిల్లలు వెంటపడ్డారు. తర్వాత రోడ్డు, ఆమె, మబ్బు. సగం దారిలో వాన అందుకుంది. ఎర్రమట్టి ఉన్నంతసేపు సైకిల్ నడిచింది. న్యాల్‌కల్ దాటి నల్లరేగడిలో దిగగానే చక్రాలకూ మడ్‌గార్డులకూ మధ్య మట్టి అతుక్కుని అక్కడే నిలబడింది. పుల్లతో గీకింది. పది బారలు పోగానే మళ్లీ అతుక్కుంది. చివరికి సైకిల్‌ను భుజానికెత్తుకుని నడిచింది. మడమ తెగింది. తిరిగిపోదామన్న ఆలోచన ఒకసారి వచ్చింది. దానికి ఆమె పిడికెడు శ్రద్ధ కూడా ఇవ్వలేదు. పడమట మబ్బు కింద సన్నటి వెలుతురు గీత మిగిలి ఉండగా పల్లె కనిపించింది.

బస్వమ్మ దీపపు బుడ్డి తుడుస్తోంది. ముడి ఇంకా రవికెలోనే ఉంది. మంచం మీద కూర్చున్న శంకరప్ప గుమ్మంలో నిలబడ్డ ఆకారాన్ని చూసి మొదట గుర్తుపట్టలేదు.

"ఎవరమ్మా? ... అయ్యో, టీచరమ్మ. సైకిలెక్కి రావాలె గని, సైకిల్ను ఎక్కించుకొని వచ్చినవా?"

"చిన్నాయనా, కూసోవుడు తర్వాత. దీపం ముట్టియ్యకముందు ఒక మాట." మనోరమ గోడకు ఆనుకుని ఊపిరి తీసుకుంది. "ఈ ఏడు నుంచి ఎవరికి ఏ పక్క వచ్చినా దున్నుడు దున్నుకుందాం. గింజలు మాత్రం రెండు పక్కలయి ఒక్క కుప్ప చేసి చెరిసగం తీసుకుందాం. పంచుడు వద్దు, మహాదేవప్ప వద్దు. అమ్మ తరఫున నేను మాటిస్తున్న."

శంకరప్ప నవ్వలేదు. "నాలుగేండ్లు మీ కుప్పలు మీరు తిన్నరు. ఇప్పుడు ఒక్క కుప్పనా? మీ అమ్మకు ఎర్రదొచ్చిందా?"

"నాకు ఎరుక లేదు. అమ్మ విప్పకముందే బయలెల్లిన. ఎరుక లేదనే వచ్చిన. ఎరుకైనంక ఈ మాట అడిగితే మనల ఒకరు ఒప్పుకోరు."

శంకరప్ప ఆమె ముఖాన్ని చాలాసేపు చూశాడు. "బురద తప్ప ఏం కనపడ్తలేదు" అన్నాడు చివరికి. భార్యవైపు తిరిగాడు. "ఏమంటవు?"

బస్వమ్మ ముడి బయటికి తీసి అరచేతిలో పెట్టుకుంది. దాని బరువు చూస్తున్నట్టు చెయ్యి కొంచెం కిందికీ పైకీ ఊగింది. "ఎర్రదైతే ఈ మాట నాకు పానం పోస్తది. పచ్చదైతే కడుపు మండుతది. ఏదో తెల్వదు. తెల్వనప్పుడు ఒప్పుకునుడే మంచిది."

శంకరప్ప తల ఊపాడు. "సరే. మాతంద్రె మాతు. మాటంటే మాటనే."

దీపం వెలిగింది. ముడి విప్పితే పచ్చ గాజుముక్క.

బయట చూరు నుంచి నీళ్లు కారుతున్నాయి. నాలుగేళ్లుగా ఎదురుచూసిన రంగు బస్వమ్మ చేతిలో లేతగా మెరుస్తోంది.

"నాలుగేండ్లు నాకు రాళ్లొస్తే రాని బుద్ధి, ఇయ్యాల నడుచుకుంట వచ్చిందా బిడ్డా?" అంది బస్వమ్మ. "ఒక్క గడియ ఆగి రాకపోతివి."

పోనీలే చిన్నమ్మా, ఈ ఏడుకు మాట వదిలేద్దాం. ఆ వాక్యం మనోరమ నాలుక చివరిదాకా వచ్చింది. ఎంత తేలికైన వాక్యం. అప్పుడామెకు అదే గుడిసెలో, అదే దీపం ముందు, ఎర్ర గాజుముక్క పట్టుకుని కూర్చున్న ఇంకో బస్వమ్మ కనిపించింది. ఆమె ఏడవడం లేదు, ఇప్పుడే ఇచ్చిన మాటను పట్టుకుని కూర్చుంది. ఇక్కడ మాట వదిలితే, అక్కడ ఆమె పట్టుకున్నది ఉత్త గాలి. ఇద్దరి కోసం కట్టిన మాటను ఒకరు బాగున్నారని విప్పకూడదు.

"మాట మాటనే చిన్నమ్మా" అంది మనోరమ. "ఎర్రదొచ్చినా ఇదే మాట. నువ్వు తిట్టు, నేను పడత."

"తిడత. తెల్లారిందాంక తిడత. ముందు కాళ్లు కడుక్కో, మడమ నిండ నెత్తురు" అంది బస్వమ్మ.

శంకరప్ప లేచి, సైకిల్ చక్రాల్లోని మట్టి గీకడానికి బయటికి పోయాడు. గీకుతూ తనలో తాను కన్నడంలో ఏదో గొణిగి, ఒకసారి గట్టిగా నవ్వాడు.

మర్నాడు బడికి సెలవే. ఎండలో తిరుగుదారి పట్టిన మనోరమకు దారంతా తల్లి చేతిలో ఎర్ర గాజుముక్కే కనిపించింది. ఇక్కడ పచ్చ, కాబట్టి అక్కడ ఎర్ర. తల్లికి ఏం చెప్పాలో, రాళ్ల పక్క ఎవరితో దున్నించాలో అన్నీ ఆలోచించుకుంది.

ఇంట్లోకి రాగానే హనుమమ్మ అడిగింది: "దానికి పచ్చదే వచ్చింది గద?"

"వచ్చింది. నీకెట్ల ఎరుక? నీది ఎర్రదా?"

హనుమమ్మ కొంగు ముడి విప్పి ముందు పెట్టింది. పచ్చ గాజుముక్క.

మనోరమ దాన్ని ఎండలోకి ఎత్తి చూసింది. ఇరవై మైళ్ల దారి పొడుగునా తను ఎరుకే అనుకున్నది, అసలు ఎరుకే కాదు. అటు కబురు, ఇటు కబురు ఇప్పుడే, ఈ గుమ్మంలోనే కలిశాయి.

"రెండు గూడ పచ్చయే కట్టిన" అంది హనుమమ్మ. "ఎర్రదాన్ని ఒర్రెల పారేసిన. నాది ఎర్రదని చెప్పుకుంటే ఎవలొచ్చి చూస్తరు? నాలుగేండ్లు నేనేం చెయ్యలె బిడ్డా. దేవుని తోడు. ఈ ఒక్కసారే చేసిన."

మనోరమకు కోపం వచ్చింది. వచ్చిన కోపం ఎవరి మీద పెట్టాలో తెలియలేదు. తను అంత దూరం సైకిల్ మోసుకుపోయి, ఏది వస్తుందోనని దీపం ముందు ఎదురుచూసిన ఆ ముడిలో ఎర్రకు చోటే లేదు.

"చిన్నమ్మకు చెప్పాలె" అంది.

"చెప్తే ఇగ నన్ను నమ్ముతదా? నాలుగేండ్లవి గూడ దొంగముడులే అంటడు వాడు."

"అనొచ్చు. అయినా చెప్పాలె. లేకుంటే మాట ఇచ్చిన మనిషికి తను దేని మీద మాటిచ్చిందో తెల్వకుండ అయితది. నువ్వే చెప్పాలె, చెలకల."

హనుమమ్మ ఆ రెండ్రోజులూ కూతురితో సరిగా మాట్లాడలేదు.

విత్తే రోజు పొద్దున చెలకలో తడి మట్టి వాసన వేస్తోంది. శంకరప్ప ఎడ్లను ఒర్రె పక్క కట్టాడు. హనుమమ్మ గంప దించి, చెల్లెలి ముందు కూర్చుని, కొంగు ముడి విప్పి గాజుముక్కను విత్తనాల మీద పెట్టింది. బస్వమ్మ దాన్ని చూసింది. తన ముక్క తీసి పక్కన పెట్టింది. జొన్నల మీద రెండు పచ్చటి తునకలు.

"రెండు నేనే కట్టిన" అంది హనుమమ్మ, నేలను చూస్తూ.

బస్వమ్మ రెండు ముక్కలనూ వేలితో దగ్గరికి జరిపింది. "అక్క దొంగ కాదని నాలుగేండ్లు కొట్లాడిన. ఇప్పుడు మా ఆయన మొకం ఎట్ల చూడాలె?"

"దొంగనే అను."

"నాకు మంచిది పెట్టడానికి దొంగతనం చేసుడేందే?" బస్వమ్మ కళ్లు తుడుచుకుంది. "ఆ ఎర్రది నాయిన ముట్టిన ముక్కనే. ఒర్రెల పారేస్తవా?"

ఎడ్ల దగ్గరి నుంచి శంకరప్ప కేకేశాడు: "అయితే వదినెమ్మా, రాళ్ల పక్క ఎవరిది?"

అక్కాచెల్లెళ్లు గంపవైపు చూశారు. రెండూ పచ్చవే. రాళ్ల పక్క ఎవరికీ రాలేదు.

మనోరమ గట్టు మీద నిలబడి ఉంది. ఎదురుగా తిరిగే కణాల జతను ఎన్నిసార్లు కొలిచినా, ఒక్క తీరుగా రెండూ రావు. పాయలు ఎన్ని చీలినా అటువంటి పాయ ఒక్కటీ చీలదు. దాని బరువు సున్నా. అన్నీ జరుగుతాయంటే ఏదైనా జరుగుతుందని కాదు. ఈ మాట మదన్‌మోహన్‌కు చెప్పాలని ఆమె మనసులో పెట్టుకుంది. ప్రకృతి ఇవ్వని ఆ జతను అమ్మ, ఒక చీర పేలికతో, చేతులారా కట్టింది. తప్పే. కానీ ఇప్పుడు ఆ తప్పును దున్నుకోవాలి.

"ఎవరిదీ కాదంటే ఇద్దరిదీ" అంది హనుమమ్మ. గంప ఎత్తి నెత్తిన పెట్టుకుంది. "ముందు అదే విత్తుదాం. పొద్దెక్కితే రాళ్లు కాలుతయి."

శంకరప్ప ఎడ్లను విప్పి పడమటికి తోలాడు. నాగలి రాయికి తగిలి పళ్లు కొరికింది. మనోరమ గోచిపోసుకుని, కట్టుకట్టిన మడమతో చాల్లోకి దిగింది. ముందు బస్వమ్మ, వెనక హనుమమ్మ, ఆ వెనక ఆమె. పిడికిలి తెరిచినప్పుడల్లా జొన్నలు, కందులు, చిటికెడు నువ్వులు.